ఆవిరి పడవ ఎక్కిన సరోజ

మొన్న ఎండాకాలం సెలవుల్లో మా అక్క సరోజ మనవరాలు కీర్తి పలమనేరు నుంచి తిరుపతికి వచ్చి మా ఇంట్లో పది రోజులు ఉంది. పోయేటప్పుడు మామిడికాయలూ అప్పడాలూ జ్ఞాపకంగా సర్దుకుంది గానీ, తను చదువుతున్న లావుపాటి ఇంగ్లీషు నవల మాత్రం సోఫా దిండు వెనక మరిచిపోయింది. అట్ట మీద ఇత్తడి గొట్టాలూ పళ్ల చక్రాలూ ఉన్న ఒక పడవ మేఘాల మీద తేలుతోంది. దాని కొసన గౌన్లు మోకాళ్ల దాకా ఎగదోపుకుని ఇద్దరు ఆడపిల్లలు నిలబడి ఉన్నారు. ఒకామె చేతిలో పానా ఉంది. ఆ పానా చూసి నేను పుస్తకం తెరిచాను. ముప్పై ఏళ్లు పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పినదాన్ని. ఆడపిల్ల చేతిలో పానా ఉన్న బొమ్మ నేను చదువుకునే రోజుల్లో ఏ పుస్తకం మీదా చూడలేదు.

ఫోన్ చేసి అడిగితే, ఇలాంటి కథలను స్టీమ్‌పంక్ అంటారని కీర్తి చెప్పింది. కరెంటూ పెట్రోలూ రాకుండా లోకమంతా ఆవిరి మీదే నడిస్తే ఎలా ఉంటుందో ఊహించి రాస్తారట. ఆ నవల్లో ఒక ఊరు. ఆ ఊళ్లో గడియారాల అంగడివాడి కూతురు విన్నీ, జమీందారు ఇంటి పిల్ల ఆగస్టా. పెద్ద మీసాల ప్రభువు ఒకడు ఊళ్లోని గడియారాలన్నీ దొంగిలించి, జనమంతా ఎప్పుడు లేవాలో ఎప్పుడు తినాలో తననే అడిగేట్టు చేయాలని చూస్తాడు. ఈ ఇద్దరూ పాత ఆవిరి పడవ ఒకటి బాగుచేసుకుని వాడి వెంట పడతారు. అంతే కథ. రక్తపాతం లేదు, ఏడుపులు లేవు. పేజీకొకసారి నవ్వొస్తుంది. కుక్కర్లో పప్పు పెట్టి చదవడం మొదలుపెట్టినదాన్ని, విజిళ్లు ఎన్నొచ్చాయో లెక్క తప్పి పప్పు అడుగంటించుకున్నాను.

అదే వారం సరోజకు కంట్లో పొర తీశారు. సరోజ మా పెదనాయన కూతురు. నాకంటే ఆరు నెలలు పెద్దది. చిత్తూరులో ఒకే ఇంట్లో, ఒకే చాప మీద పెరిగాం కాబట్టి పేరుతోనే పిలుస్తాను. ఇప్పుడు పలమనేరు పక్క పల్లెలో పాల కేంద్రం నడుపుతోంది. కొన్నాళ్లు టీవీ చూడొద్దని, పొగలోకి పోవద్దని డాక్టరు చెప్పాడట. పని లేకుండా కూర్చోవడం దానికి పుట్టుకతో రాదు. "మే, ఈ గోడను ఎంత సేపని సూసేది? ఏదన్నా మాట్లాడు" అని రోజూ సాయంత్రం ఫోను. నా దగ్గర మాట్లాడ్డానికి ఏముంది, మోకాళ్ల నొప్పులు తప్ప. అందుకని ఆ నవలను చదువుతూ, అక్కడికక్కడే తెలుగు చేస్తూ దానికి వినిపించడం మొదలుపెట్టాను.

మొదటి రోజే ఆగస్టాకు పేరు మారిపోయింది. "ఆగస్టు నెల పాప" అంది సరోజ. విన్నీ మాత్రం "ఆ గడియారాల పిల్ల". వాళ్లు ఏం తిన్నారో నేను వదిలేసి ముందుకు పోతే ఒప్పుకునేది కాదు. "పడవలో పొయ్యి ఉండాది గదా, వండుకున్నారా లేదా?" అని అడిగేది. పుస్తకంలో వాళ్లు రొట్టే జామూ తిన్నారు. "రొట్టె తిని బాయిలరుకు బొగ్గెయ్యాలంటే యాడ అవుతాది? సంగటి ముద్ద పడాల" అంది. నాలుగో రోజుకు సంగతి వేరే దారి పట్టింది. ప్రభువు ఓడ తరుముకొస్తుంటే వేగం పెరగడానికని ఆగస్టా తన జడ రిబ్బను విప్పి, బాయిలరులో ఆవిరి మితిమీరితే లేచి బయటికి వదిలే సేఫ్టీ వాల్వును లేవకుండా కట్టేస్తుంది. నేను ఆ వాక్యం తెలుగు చేసీ చేయకముందే అవతల నుంచి సరోజ గొంతు గట్టిగా వచ్చింది.

"వాల్వుకు రిబ్బను కట్టిందా? దానికి నాయన లేడా, సెప్పేదానికి?"

నాయన అంటే మా నాయన. సరోజకు చిన్నాయన. కానీ అదీ నాయన అనే పిలిచేది. ఆ సాయంత్రం ఇంక నవల ముందుకు పోలేదు.

నాయన చిత్తూరు అవతల ఒక రైసుమిల్లులో బాయిలరు మనిషి. ఉప్పుడు బియ్యం మిల్లు అది. వడ్లను తొట్లలో నానబెట్టి, ఆవిరి పట్టి, ఎండబోసి ఆడిస్తారు. నానిన వడ్ల పులిసిన వాసన మా వీధిలో గాలితో పాటే ఉండేది. కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకుంటే మాకు ఎందుకో అర్థమయ్యేది కాదు. తెల్లవారేసరికి నాయన మిల్లుకు పోయి ఊక ఎగదోసి మంట పెట్టేవాడు. ఇంటికొచ్చేటప్పుడు ఆయన కనుబొమ్మల మీద ఊకబూడిద సన్నగా పేరుకుని, ముప్పై అయిదేళ్ల మనిషి అరవై ఏళ్ల ముసలాయనలా కనిపించేవాడు. నీళ్లు పోసుకుని వచ్చాక మళ్లీ మా నాయన అయ్యేవాడు. ఆయనకో అలవాటు ఉండేది. ఏ వస్తువునైనా వేలి కణుపుతో తట్టి, తల వంచి చెవి పెట్టి వినేవాడు. బాయిలరునే కాదు, కుండ కొన్నా అంతే, గుమ్మడికాయ కోసినా అంతే. "ఇనుము అబద్ధం సెప్పదు పాపా, మనం ఇనాల, అంతే" అనేవాడు. మా అవ్వ మాత్రం, "వీడు మనుసులు సెప్తే ఇనడు, కుండలు సెప్తే ఇంటాడు" అని నవ్వేది.

అవ్వ పొద్దున్నే సంగటి కెలికేది. కుండను రెండు కాళ్ల మధ్య ఒత్తిపట్టి, తెడ్డును రెండు చేతులతో తిప్పుతుంటే ఆమె గాజులు ఒకే వరసలో మోగేవి. ముద్ద మధ్యలో గుంట చేసి ఊరిబిండి పచ్చడి పెట్టి మా చేతుల్లో పెట్టేది. అనపకాయల కాలంలో ఇల్లంతా ఆ పసరు వాసనే. ఒడి నిండా కాయలు పోసుకుని ఒలుస్తూ, వీధిలో పోయే ప్రతి మనిషినీ నిలబెట్టి పలకరించేది. ఆమె నీళ్లు తాగే ఇత్తడి చెంబు ఒకటి ఉండేది. చింతపండుతో తోమీ తోమీ దాని మీది పూల గీతలు అరిగిపోయాయి. ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదు. ఆ చెంబు కథే ఇది.

మేం పదో తరగతిలో ఉండగా బళ్లో సైన్సు ప్రదర్శన అన్నారు. ఆడపిల్లల హైస్కూలు మాది. అందరూ ఏ విటమిను ఏ కాయలో ఉందో అట్టల మీద బొమ్మలు గీస్తున్నారు. సరోజ మాత్రం ఇంటికొస్తూ దారిలో నిలబడిపోయి, "మనం ఇంజను సేద్దాం మే" అంది. ఆవిరితో చక్రం తిరగాలి, చక్రం తాడును లాగాలి, తాడు బావిలోంచి బొక్కెన తోడాలి. బావి అంటే మట్టితో చేసిన జానెడు బావి, బొక్కెన అంటే సున్నం డబ్బీ మూత. ఆలోచనంతా దానిది. లెక్కలూ కొలతలూ నావి.

మొదట పాలపొడి డబ్బాతో చేశాం. పంపు స్టవ్వు మీద పెట్టిన కాసేపటికి అతుకు కరిగి డబ్బా ఒక పక్కకు వాలి, నీళ్లన్నీ స్టవ్వు మీద పడి వంటిల్లంతా కిరసనాయిలు పొగ కమ్మింది. అమ్మ తిట్టిన తిట్లు పక్కన పెడితే, ఆ సాయంత్రం మేమిద్దరం దిగాలుగా కూర్చున్నప్పుడు నాయన వచ్చి డబ్బాను చేతుల్లో తిప్పి చూశాడు. "రేకు పలచన. ఇత్తడి అయితే ఆగుతాది" అన్నాడు. మా ఇద్దరి చూపులూ ఒకేసారి అవ్వ చెంబు మీదికి పోయాయి. నాయన మా చూపును చూశాడు. అవ్వ చేతిలో ఉన్న నీళ్లు గటగటా తాగేసి, చెంబును బోర్లించి ఆఖరి చుక్క కూడా దులిపి, సరోజ ఒళ్లో పెట్టింది.

"నీళ్లు తాగేదానికి సత్తు చెంబు సాలు లే నాకు. సెయ్యండి, ఏం సేస్తారో సూస్తాను" అంది.

నాయన రెండు షరతులు పెట్టాడు. ఒకటి, తను ఒక్క చెయ్యి కూడా వేయడు. "నేను సేస్తే అది నా ఇంజను అవుతాది. మీకేం వస్తాది?" అన్నాడు. రెండోది, ఆవిరికి రెండు దోవలు ఉండాలి. ఒకటి పనికి పోయేది, ఒకటి ప్రాణం కాపాడేది. ఆ రెండో దోవ లేకుండా నిప్పు రాజేయకూడదు. మిల్లు ఫిట్టరు దగ్గర అతుకులు పెట్టే సోల్డరింగు కడ్డీ అడిగి తెచ్చి, తను గుమ్మంలో కూర్చుని చెబుతుంటే మేమిద్దరం చెంబు మూతిని రాగి బిళ్లతో మూసి అతికించాం. పనికి పోయే దోవకు స్టవ్వు నిపిల్ పెట్టాం. దాని రంధ్రంలోంచి సూది కూడా దూరదు; అందులోంచి చిమ్మే ఆవిరి ఆకులకు తగిలి చక్రం తిరగాలి. రెండో దోవకు గొట్టం పెట్టి, దాని మూతి మీద చిన్న ఇనప బరువు కూర్చోబెట్టాం. నిప్పు పెట్టేముందు చెంబు నిండా నీళ్లు పోసి సైకిలు పంపుతో కొట్టి చూడమన్నాడు. మూడుసార్లు అతుకులోంచి నీళ్లు చిమ్మాయి. మూడుసార్లు విప్పి మళ్లీ అతికించాం. నాలుగోసారి ఒక్క చుక్క కారలేదు. ఆ రోజు మా ఇంటి పెరట్లో సున్నం డబ్బీ మూత జానెడు బావిలోంచి పైకి లేచినప్పుడు, అవ్వ అనపకాయల చాట పక్కన పెట్టి లేచి నిలబడింది.

బళ్లో మాదే మొదటిదయింది. తిరుపతిలో జిల్లా ప్రదర్శనకు పంపించారు. సైన్సు టీచరమ్మా, నాయనా, మేమిద్దరం. చెంబును పాత చీరలో చుట్టి గంపలో పెట్టుకుని బస్సెక్కాం. బస్సు నిండా కొండకు పోయేవాళ్లు. ఒకాయన గంపలో దేవుడనుకుని దండం పెట్టబోతే సరోజ కాదని చెప్పలేదు. ప్రదర్శన జరిగే బళ్లో పెద్దవాళ్లు గేటు బయటే ఉండాలన్నారు. నాయన ప్రహరీ పక్కన నీడలో కూర్చున్నాడు.

బహుమతులు నిర్ణయించే ఆఫీసరు ఒకాయన మా బల్ల దగ్గరికి వచ్చి, ఇంజను తిరగడం చూశాడు. మెచ్చుకున్నట్టే తల ఊపి, "మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?" అని అడిగాడు. నేను గొప్పగా చెప్పాను. ఆయన నవ్వి పక్కవాళ్లతో, "అదీ సంగతి. బాయిలరు మేస్త్రీ చేసిచ్చాడు. పిల్లలు మోసుకొచ్చారు" అని, కాగితం మీద గీత కొట్టి ముందుకు నడిచాడు. టీచరమ్మ ఏదో చెప్పబోయింది గానీ ఆయన వినిపించుకోలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటికి పోదాం అన్నాను. సరోజ నా వైపు చూడను కూడా చూడలేదు. నేరుగా పోయి ఆయన ముందు నిలబడింది.

"సార్, ఇప్పేస్తాం. మీరు సూస్తా ఉండండి, మళ్లా బిగిస్తాం. తిరక్కపోతే కొట్టెయ్యండి."

ఆయనకు కోపం వచ్చిందో ఆశ్చర్యం వేసిందో తెలియదు. గడియారం చూసుకున్నాడు. "అరగంట" అన్నాడు.

స్టవ్వు ఆర్పి, చెంబు చల్లారేదాకా తడిగుడ్డలు చుట్టాం. చక్రం, ఇరుసు, నిపిల్, గొట్టం, బరువు, తాడు, అన్నీ విప్పి బల్ల మీద వరసగా పెట్టాం. చుట్టూ జనం మూగారు. మళ్లీ బిగించడం మొదలుపెట్టాం. పని ఎక్కడా తప్పు పోలేదు. పెరట్లో అంతకుముందు పాతికసార్లు బిగించి ఉంటాం. చివరి మర తిప్పి స్టవ్వు వెలిగించాం. నీళ్లు కాగాయి. చక్రం కదల్లేదు. ఇంకాసేపు చూశాం. కదల్లేదు. వెనక ఎవరో నవ్వారు. సరోజ వంగి, చెంబును వేలి కణుపుతో తట్టి, తల వంచి విన్నది. దాని మొహం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. "నిపిల్ మూసుకుపోయింది" అంది నాతో మెల్లగా. విప్పినప్పుడు లోపలి గార ఏదో రంధ్రంలో అడ్డం పడింది. అది ఆ మాట అంటుండగానే రెండో దోవ మీది బరువు లేచింది. బుస్సుమని ఆవిరి పైకి చిమ్మి, ఆ గది గోడలు మార్మోగేంత చప్పుడైంది. జనం వెనక్కి పరిగెత్తారు. ఆఫీసరు కూడా రెండు బల్లల అవతలికి పోయాడు. మేమిద్దరం కదల్లేదు. బరువు లేచిందంటే భయం లేదని మాకు తెలుసు.

సరోజ స్టవ్వును మెల్లగా పక్కకు జరిపింది. ఆవిరి తగ్గి బరువు మళ్లీ తన చోట కూర్చునేదాకా ఆగాం. స్టవ్వు పిన్ను ఇంట్లో మరిచిపోయాం. పక్క బల్ల మీద రంగు బల్బుల నమూనా పెట్టిన పిల్లల్ని అడిగి, తీగలోంచి ఒక్క రాగి పోగు లాగి తెచ్చాను. నిపిల్ విప్పి, పోగుతో పొడిచి, నోటితో ఊది, మళ్లీ బిగించాం. ఈసారి చక్రం మొదట తడబడి, తర్వాత కళ్లకు ఆకులు కనిపించనంత వేగంగా తిరిగింది. మూత బావిలోంచి లేచి, ఒరిగి, రెండు చుక్కల నీళ్లు బల్ల మీద పోసింది.

ఆఫీసరు దగ్గరికొచ్చాడు. "ఆ బరువు ఎంత ఉండాలో మీకెట్లా తెలిసింది?" అని అడిగాడు. గొంతులో నవ్వు లేదు.

"పెద్దది పెట్టి సూసినాం సార్, లెయ్యలేదు. రొంత రొంత అరగదీసుకుంటా వచ్చినాం, లేసేదాకా" అంది సరోజ.

ఆయన కాగితం తీసి, కొట్టేసిన గీత పక్కన కొత్తగా రాశాడు. "తప్పు నాదమ్మా" అని అందరూ వినేట్టు అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆయన మీద నాకు ఇప్పుడు కోపం లేదు. మొదటి బహుమతి మాకే వచ్చింది. గేటు దాటి పరిగెత్తుకుంటూ పోయి చెబుదామనుకుంటే, నాయన అప్పటికే లేచి నిలబడి నవ్వుతున్నాడు. ఎవరు చెప్పారని అడిగాను. "వాల్వు లేసిన సప్పుడు ఈడికి ఇనపడినాది. అది సరిగ్గా లేసిందంటే పని సేసినోళ్లకు పని వచ్చినట్టే గదా. ఇంగ సెప్పేదేముండాది" అన్నాడు. లోపలికి పరిగెత్తుకు రావాలనిపించలేదా అని బస్సులో అడిగితే, "అనిపించింది. గేటు పట్టుకోని నిలబడినాను" అన్నాడు, అరిచేతులు చూపించి. గేటు తుప్పు వాటికి ఇంకా అంటుకునే ఉంది.

ఆ తర్వాత నేను పాలిటెక్నిక్‌లో చేరాను. మెకానికల్‌లో ఆడపిల్ల నేనొక్కదాన్నే. సరోజ తనకు చదువు మీద మనసు లేదంది. పెళ్లి చేసుకుని పలమనేరు పోయింది. దానికి రావాల్సిన చదువు నేను తీసుకున్నానేమోనని చాలా ఏళ్లు నాలో నేనే కుమిలాను. ఈ నవల చదువుతున్న రోజుల్లో ధైర్యం చేసి ఫోనులో ఆ మాట అనేశాను. అది పగలబడి నవ్వింది. "నువ్వు ఇంజన్ల గురించి సెప్పినావు మే. నేను ఇంజన్లు సేసినా" అంది. నిజమే. మోటార్లు, పాలు పితికే మిషన్లు, ఆ చుట్టుపక్కల నాలుగు పల్లెల్లో ఏది ఆగినా సరోజను పిలుస్తారు. నేను బోర్డు మీద గీసిన బొమ్మల్లో ఎన్ని తిరిగాయో నాకు తెలియదు. అది బిగించినవన్నీ తిరుగుతున్నాయి. అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటని ఆలోచిస్తే, మా వయసులో మాకు అలాంటి పుస్తకం లేదు. మేం చదివిన కథల్లో ఆడపిల్లలు ఎవరో వచ్చి విడిపించేదాకా కిటికీ దగ్గర ఉండేవాళ్లు. మేం చేసిన పనికి పేరుందని, అలా చేసేవాళ్లు కథల్లో ఉండొచ్చని మాకు తెలియదు. కీర్తికి తెలుసు. దానికి అది వింత కూడా కాదు. సరదా పుస్తకం, అంతే. ఆ వింత లేకపోవడమే నాకు గెలుపుగా అనిపిస్తుంది.

చివరి అధ్యాయం ఫోనులో చదవబుద్ధి కాలేదు. బస్సెక్కి పలమనేరు పోయాను. సాయంత్రం పాలు పోసే వేళ. ఆడవాళ్లు క్యాన్లతో వరసలో ఉన్నారు. సరోజ నల్లకళ్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చుని, అందరికీ ఇదివరకే కథంతా చెప్పేసినట్టుంది. "రిబ్బను ఇప్పినారా లేదా, అది సెప్పక్కా ముందు" అని ఒకామె నన్ను నిలదీసింది. విప్పారు. గడియారాల పిల్ల చివరి నిమిషంలో పళ్లతో కొరికి రిబ్బను తెంపింది. వరసలో ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. ఆవిరి పడవ ప్రభువు కోట మీద దిగింది. దొంగిలించిన గడియారాలన్నీ ఒకేసారి గంట కొట్టాయి. పాలు కొలిచే పిల్ల కొలవడం ఆపేసింది. ఆఖరి పేజీకి వచ్చేసరికి నా గొంతు బొంగురుపోయింది. పక్కనే కూర్చున్న కీర్తి నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, "నేను చదువుతా చిన్నవ్వా" అని, ఇంగ్లీషు లైను ఒకటి చూడ్డం, తల ఎత్తి పలమనేరు తెలుగులో చెప్పడం, మళ్లీ ఇంకో లైను. నాకంటే బాగా చెప్పింది. ప్రభువు మీసాలు గొరిగించుకుని ఊరు విడిచి పోయాడని చెప్పి, పుస్తకం మూసింది.

వరసలో మొదట నిలబడ్డ ముసలామె క్యాను మూత తీస్తూ, వెనక్కి తిరిగి అందరికీ చెప్పింది.

"మన పిల్లోల్లు గెలిసినారు."